లాగితే ఏది వెంట వస్తుంది?

హైదరాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద, శామీర్‌పేట పరిసరాల్లో బిట్స్ పిలానీ వారి హైదరాబాద్ క్యాంపస్ ఉంది. 2008లో మొదలైన ఈ క్యాంపస్ చిరునామాలో కనిపించే ఊరు జవహర్‌నగర్. నగరంలో ఎక్కువమందికి మాత్రం జవహర్‌నగర్ అనగానే డంపింగ్ యార్డే గుర్తొస్తుంది. మహానగరం రోజూ పారేసే వేల టన్నుల చెత్త చేరేది అక్కడికే. 2020లో ఆ యార్డులో 19.8 మెగావాట్ల చెత్త విద్యుత్ కేంద్రం కూడా మొదలైంది. ఒకే ఊరి పేరు మీద ఇటు కంప్యూటర్ సైన్సు తరగతులు, అటు బారులు తీరే చెత్త లారీలు.

యార్డు గేటు దగ్గర లారీలను తూచే వేబ్రిడ్జి గదిలో ఒక కంప్యూటర్ ఉందని, దాని తెరను బిట్స్ క్యాంపస్ విద్యార్థి ఒకరు, తెరలను కాంపొనెంట్లనే ముక్కలుగా కట్టే రియాక్ట్ లైబ్రరీతో తయారు చేశారని అనుకుందాం. తెర పైభాగంలో లారీ నంబరుతో వెతకడానికి ఒక పెట్టె, పక్కన వార్డు ఎంచుకునే జాబితా. మధ్యలో పట్టిక: లారీ నంబరు, లోడుతో బరువు, ఖాళీ బరువు, నికర బరువు. అడుగున మొత్తం టన్నులు. ఇదంతా ఒకే కాంపొనెంట్‌లో, ఒకే ఫైల్లో, ఏడు వందల లైన్లలో ఉంది. కోడ్ రివ్యూకి రాగానే సీనియర్ చెప్పే మొదటి మాట అందరికీ తెలిసిందే: ‘చాలా పెద్దదైపోయింది, చిన్న చిన్న కాంపొనెంట్లుగా విడగొట్టు.’

ఎక్కడ విడగొట్టాలి? ఈ ప్రశ్నను కేవలం కోడింగ్ అలవాట్ల సంగతిగా తీసిపారేయడం తేలిక. దీని అడుగున ఉన్నది మాత్రం మన దేశంలో వందల ఏళ్లు బౌద్ధులూ, న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులూ పట్టువిడవకుండా వాదించుకున్న ప్రశ్నే. అవయవాలు ఉన్నాయి సరే, అవయవి అనేది వేరుగా ఉందా? భాగాలన్నిటినీ విడదీసి వరుసగా పెట్టాక, ‘ఇది మొత్తం’ అని చూపించడానికి ఇంకేమైనా మిగులుతుందా?

బౌద్ధుల వైపు నుంచి అందరికీ తెలిసిన కథ మిళిందపన్హ అనే గ్రంథంలోది. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన యవన రాజు మినాండర్ అందులో మిళిందుడు. రథమెక్కి వచ్చిన రాజును నాగసేన భిక్షువు అడుగుతాడు: నొగ రథమా? ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాదు, కాదు, కాదు. పోనీ, వీటన్నిటికీ బయట ఎక్కడైనా రథం ఉందా? అదీ లేదు. అయితే మీరు దేన్నెక్కి వచ్చారు మహారాజా? చివరికి రాజే ఒప్పుకుంటాడు, ఈ భాగాలన్నీ ఇలా కూడినప్పుడు వ్యవహారం కోసం పెట్టుకున్న పేరే రథమని. మనిషి సంగతీ అంతేనని చెప్పడానికే నాగసేనుడు రథం దాకా వెళ్లాడు. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే అయిదు స్కంధాల కూడికకే మనిషి అని పేరు.

మన విద్యార్థికి ఈ బోధ ఒక మంచి పని చేస్తుంది. తను రాసిన ఏడు వందల లైన్ల ఫైలు మీద ఉన్న మమకారాన్ని తెంచుతుంది. ‘వేబ్రిడ్జి స్క్రీన్’ అనేది ఒక పేరు మాత్రమే, దాన్ని పవిత్రంగా కాపాడుకోనక్కర్లేదు. కానీ అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. మొత్తం అనేదే లేదని తేలిపోతే, ఎక్కడ కోసినా ఒకటే కావాలి. కోతల్లో మంచిదీ చెడ్డదీ అన్న తేడా ఉండకూడదు. ఆ తేడా ఎంతుందో ఒక్కసారి తప్పుగా కోసి చూస్తే తెలిసిపోతుంది.

విద్యార్థి కంటికి కనిపించినట్టే కోశాడనుకుందాం: పైభాగం ఒక కాంపొనెంట్, పట్టిక ఒకటి, అడుగుభాగం ఒకటి. ఎంచుకున్న వార్డును పైభాగం తన స్టేట్‌లో, అంటే తాను గుర్తుంచుకునే డేటాలో, దాచుకుంది. మొత్తం టన్నులను అడుగుభాగం తన స్టేట్‌లో వేరే దాచుకుంది. పట్టిక మారినప్పుడల్లా అడుగుభాగానికి కబురు వెళ్లేలా ఒక ఎఫెక్ట్ రాశాడు. ఫైళ్లు చిన్నవయ్యాయి, రివ్యూ దాటింది. ఒకరోజు వేబ్రిడ్జి గుమాస్తా వార్డు మార్చాడు. పట్టికలో కొత్త వార్డు లారీలు వచ్చాయి, అడుగున టన్నులు మాత్రం పాత వార్డువే. ఎఫెక్ట్ ఒక సందర్భంలో నడవలేదు. బరువును బట్టి డబ్బు చెల్లించే చోట ఇది చిన్న తప్పు కాదు. ఒకే నిజం రెండు చోట్ల కాపురం పెట్టడమే దీనికి కారణం. లోడు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే నికర బరువు వస్తుంది, నికర బరువులు కూడితే మొత్తం వస్తుంది. ఆ రెంటినీ దాచుకోవాల్సిన పనే లేదు, తెరను గీసే ప్రతి రెండర్‌లో లెక్కగట్టుకుంటే చాలు. నిజంగా దాచాల్సినవి మూడే: సర్వర్ నుంచి వచ్చిన లారీల జాబితా, వెతికే అక్షరాలు, ఎంచుకున్న వార్డు.

ఇక్కడ నైయాయికుల మూలగ్రంథమైన గౌతముడి న్యాయసూత్రాలు అక్కరకొస్తాయి. రెండో అధ్యాయంలో అవయవి ఉందా లేదా అన్న చర్చలో సూత్రకారుడు చాలా లౌకికమైన కారణం చూపిస్తాడు. పట్టుకోవడం, లాగడం సాధ్యమవుతున్నాయి కాబట్టి అవయవి ఉందంటాడు. కర్రకు ఒక కొస పట్టుకుని లాగితే రెండో కొస కూడా వస్తుంది. ధాన్యపు రాశిలో ఒక గింజను లాగితే మిగతా గింజలు రావు. కర్ర కేవలం అణువుల కుప్పే అయితే అది రాశిలాగే ప్రవర్తించాలి కదా?

కోడ్‌కి ఇంతకన్నా మంచి పరీక్ష దొరకడం కష్టం. ఒక చోట మార్పు చేసి చూడు. దాంతోపాటు ఇంకేం కదలాల్సి వచ్చిందో గమనించు. వెంట వచ్చేవన్నీ ఒకే వస్తువు, వెంట రానివి వేరే వస్తువులు. వార్డును మారిస్తే పట్టికా, మొత్తం టన్నులూ రెండూ కదలాలి. అంటే ఆ మూడింటికీ పైన ఒక యజమాని ఉండాలి, వార్డు ఆ యజమాని దగ్గరే ఉండాలి. లారీ నంబరుకు ఏ రంగు వేయాలన్నది మారిస్తే పట్టికలోని ఒక వరుస తప్ప ఇంకేదీ కదలదు. ఆ వరుసను నిశ్చింతగా విడిగా తీసేయవచ్చు.

అయితే ఆ సూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యం ఈ వాదాన్ని అంతటితో వదిలిపెట్టలేదు. అసలు గొప్పదనం అక్కడే ఉంది. లక్కతో అతికించిన గడ్డిపోచలనూ, రాళ్లనూ, కట్టెలనూ లాగినా కలిసే వస్తాయి కదా, అంతమాత్రాన అవి ఒక వస్తువైపోతాయా అన్న చిక్కును భాష్యకారుడు దాచకుండా ముందు పెట్టాడు. కలిసి రావడానికి జిగట కారణం కావచ్చు, నిజమైన ఏకత్వమూ కారణం కావచ్చు. తన పక్షానికే ఇబ్బంది తెచ్చే ఉదాహరణను తానే చెప్పి, అవయవిని నిలబెట్టడానికి వేరే యుక్తులు వెతుక్కున్నాడు. ‘ఇది ఒకటి’ అని మనకు కలిగే ప్రత్యక్షానికి ఆధారం ఏమిటన్నది వాటిలో ముఖ్యమైనది.

ఈ లక్క కోడ్‌లో ఎక్కడ చూసినా ఉంటుంది. టన్నులకు బదులు కిలోల్లో చూపించమని అధికారి అడిగాడనుకుందాం. పట్టిక ఫైలు తెరవాలి, అడుగుభాగం ఫైలు తెరవాలి, ప్రింటు రసీదు ఫైలూ తెరవాలి. మూడూ కలిసే కదిలాయి. అంతమాత్రాన ఆ మూడూ ఒకే కాంపొనెంట్ కావాలా? అక్కర్లేదు. బరువును అక్షరాల్లోకి మార్చే నాలుగు లైన్లను మూడు చోట్లా కాపీ చేసి అతికించడం వల్లే అవి కలిసి వచ్చాయి. ఆ నాలుగు లైన్లను ఒక చోట పెడితే లక్క కరిగిపోతుంది. వార్డు, పట్టిక, మొత్తం కలిసి రావడం మాత్రం అలాంటిది కాదు. వాటిని కలిపేది తెర మీద మనిషి చదువుకునే ఒకే నిజం. ఆ మూడింటిని విడివిడి ఫైళ్లలో పెట్టవచ్చు గానీ, ఆ నిజాన్ని మాత్రం ముక్కలు చేయకూడదు.

సాఫ్ట్‌వేర్ లోకం ఇదే మాటను తన దారిలో వెతుక్కుంటూ వచ్చింది. 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ ఒక ప్రోగ్రామును రెండు రకాలుగా విడగొట్టి చూపించాడు. ఒకటి పని జరిగే వరుసలో, మెట్టు మెట్టుగా కోసినది. రెండోది, రేపు మారగల నిర్ణయాలను ఒక్కొక్క భాగంలో దాచిపెట్టినది. రెండూ సరిగ్గా పనిచేస్తాయి. మార్పు వచ్చినప్పుడు మాత్రం మొదటి రకంలో అనేక భాగాలు కదులుతాయి, రెండో రకంలో చాలావరకు ఒక్కటే కదులుతుంది. ఫేస్‌బుక్‌లో జోర్డన్ వాక్ మొదలుపెట్టిన రియాక్ట్ 2013 మే నెలలో బహిరంగంగా విడుదలయ్యాక ఈ చర్చ తెరల తయారీలోకి వచ్చింది. 2015లో డాన్ అబ్రమోవ్ అనే ప్రోగ్రామర్ ఒక వ్యాసంలో కాంపొనెంట్లను రెండు జాతులుగా చూడమన్నాడు: చూపించడమే పనిగా ఉన్నవి, డేటాను తెచ్చి అందించేవి. ప్రపంచమంతా దాన్ని నియమంగా పట్టుకుంది. అవసరం ఉన్నా లేకున్నా ప్రతి కాంపొనెంట్‌నూ రెండుగా చీల్చింది. 2019లో ఆయనే ఆ వ్యాసం పైన, ఇక ఇలా విడగొట్టమని తాను సూచించనని రాశాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో రియాక్ట్‌లో వచ్చిన హుక్స్ అనే పద్ధతి వెనకున్న కారణమూ దీనికి దగ్గరిదే. పాత క్లాస్ కాంపొనెంట్లలో ఒక సబ్‌స్క్రిప్షన్‌ను మొదలుపెట్టే లైను ఒక మెథడ్‌లో, దాన్ని ఆపే లైను మరో మెథడ్‌లో ఉండేవి. ఒకటి కావాల్సినవి విడిపోయాయి, సంబంధం లేనివి ఒకే మెథడ్‌లో ఇరుక్కున్నాయి. హుక్స్ ఆ రెండు లైన్లనూ పక్కపక్కన కూర్చోబెట్టాయి.

విడగొట్టేటప్పుడు స్టేట్ ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు రియాక్ట్ చెప్పే పద్ధతి అందరికీ తెలిసినదే. ఇద్దరు పిల్లలకు ఒకే స్టేట్ కావాల్సి వస్తే, దాన్ని వారిద్దరికీ దగ్గరి ఉమ్మడి తల్లి దగ్గరికి ఎత్తి, అక్కడి నుంచి ప్రాప్స్‌గా కిందికి పంపాలి. ముందు ఎత్తడం, తర్వాత కోయడం. ఈ క్రమం మన ఆగమాలకు ఎంతో కాలంగా పరిచయమైనదే. గుడిని విప్పి కట్టాల్సి వస్తే ముందు కళాకర్షణ చేస్తారు. మూర్తిలోని దైవకళను కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయంలో నిలుపుతారు. పూజలు అక్కడ ఆగకుండా సాగుతాయి. ఆ తర్వాతే పాత కట్టడం మీద సుత్తి పడుతుంది. యాదగిరిగుట్టలో 2016లో బాలాలయం ఏర్పాటైంది. గుహలోని స్వయంభువు ఉన్నచోటే ఉండగా, ప్రధానాలయం 2022 మార్చి 28న తిరిగి తెరుచుకునే దాకా భక్తులు బాలాలయంలోనే దర్శనం చేసుకున్నారు. దేవుడు ఎక్కడున్నాడన్న ప్రశ్నకు ఆ ఆరేళ్లలో ఏ రోజైనా స్పష్టమైన జవాబు ఉంది. విప్పదీతకు కావాల్సిన మొదటి హామీ అదే. కోడ్ రీఫ్యాక్టర్ చేసే ముందు ‘ఈ నిజం ఇప్పుడు ఎవరి దగ్గరుంది’ అన్న ప్రశ్నకు జవాబు లేకుండా ఫైళ్లు చీల్చేవారు, కళాకర్షణ లేకుండానే గర్భగుడి గోడ పడగొడుతున్నారు.

భాగాలన్నీ అవే ఉండి, అమరికా అదే ఉండి, చోటు మారితే ఏమవుతుంది? శ్రీశైలం జలాశయంలో మునిగిపోయే చోట, కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని పురావస్తు శాఖ వారు రాయి రాయిగా విప్పి, ఆలంపూర్ తరలించి మళ్లీ నిలబెట్టారు. అది పాత గుడేనా? తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహాన్ని చేతిలో పెట్టుకుని చూస్తే జవాబు కఠినంగా ఉంటుంది. బట్టకు దారాలు సమవాయి కారణం, ఆ దారాల కూడిక అసమవాయి కారణం, మగ్గం లాంటివి నిమిత్త కారణాలు. కూడిక నశిస్తే అవయవి నశిస్తుంది. అవే దారాలను మళ్లీ నేస్తే పుట్టేది కొత్త బట్టే. ఒక్క పోగు ఊడినా పాత బట్ట పోయి ‘ఖండపటం’ అనే కొత్త బట్ట పుట్టిందనేంత దూరం వెళ్లారు నైయాయికులు. ఆ లెక్కన ఆలంపూర్‌లో ఉన్నది పాత రాళ్లతో పుట్టిన కొత్త గుడి.

వింతగా తోచినా రియాక్ట్ నడిచేది సరిగ్గా ఇలాగే. అది స్టేట్‌ను కాంపొనెంట్ పేరుకు ముడిపెట్టదు, కాంపొనెంట్ల చెట్టులో అది ఉన్న చోటుకు ముడిపెడుతుంది. అదే కోడ్, అవే ప్రాప్స్. కానీ దాన్ని వేరే తల్లి కిందికి మార్చి పెడితే పాతది తొలగిపోయి కొత్తది పుడుతుంది, దాని స్టేట్ మొదటికొస్తుంది. విడగొట్టే హడావుడిలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

మరింత దగ్గరగా చూడాల్సిన తప్పు ఇంకోటి ఉంది. వెతికే పెట్టెను విడి కాంపొనెంట్ చేద్దామని విద్యార్థి దాన్ని రాశాడు. అయితే వేరే చోట కాకుండా తల్లి కాంపొనెంట్ ఫంక్షన్ లోపలే నిర్వచించాడు. చూడ్డానికి పొందికగానే ఉంది. గుమాస్తా లారీ నంబరులో మొదటి అక్షరం ‘టీ’ కొట్టాడు. అక్షరం పడింది, కర్సర్ మాయమైంది. మళ్లీ పెట్టెలో క్లిక్ చేసి ‘ఎస్’ కొట్టాడు. మళ్లీ కర్సర్ మాయం. ఎందుకంటే అక్షరం పడగానే తల్లి తిరిగి రెండర్ అయింది. రెండర్ అయినప్పుడల్లా లోపలి ఫంక్షన్ కొత్తగా పుట్టింది. రియాక్ట్ దృష్టిలో కొత్త ఫంక్షన్ అంటే కొత్త జాతి కాంపొనెంట్. అందుకే పాత పెట్టెను పీకేసి అచ్చం అలాంటి పెట్టెనే కొత్తది పెట్టింది. కంటికి ఒకే పెట్టె, లోపల క్షణక్షణం కొత్త పెట్టె.

ఉన్నదంతా క్షణికమన్న బౌద్ధ వాదానికి నైయాయికులు ఇచ్చిన జవాబుల్లో ప్రత్యభిజ్ఞ ఒకటి. నిన్న చూసిన కుండే ఇది అని గుర్తుపట్టగలుగుతున్నాం, కాబట్టి ఏదో నిలిచి ఉంది. బౌద్ధులు దీనికీ సమాధానం చెప్పారు: రాత్రంతా వెలిగే దీపంలో ఏ రెండు జ్వాలలూ ఒకటి కావు, పోలికను చూసి ఒకటే అనుకుంటున్నాం. తత్త్వంలో ఈ వాదం ఎటు తేలినా, వేబ్రిడ్జి గదిలో కూర్చున్న గుమాస్తాకు మాత్రం ప్రత్యభిజ్ఞ కావాలి. తను టైపు చేస్తున్న పెట్టె ఇందాకటి పెట్టే కావాలి. లోపలి ఫంక్షన్‌ను బయటికి తీసి, ఫైలు పైన విడిగా రాస్తే రియాక్ట్ దాన్ని గుర్తుపడుతుంది, కర్సర్ నిలుస్తుంది. పట్టికలోని వరుసలకు ‘కీ’ ఇవ్వమని రియాక్ట్ పదేపదే హెచ్చరించేదీ ఇందుకే. వరుస క్రమం మారినా ఈ లారీ ఆ లారీయేనని పోల్చుకోవడానికి దానికి ఒక గుర్తు కావాలి.

జవహర్‌నగర్‌కు దగ్గర్లోనే కీసరగుట్ట ఉంది. రాముడు ప్రతిష్ఠకు లింగం తెమ్మని హనుమంతుణ్ని కాశీకి పంపాడని, ఆలస్యం కావడంతో శివుడే ప్రత్యక్షమై లింగాన్ని ఇచ్చాడని, తర్వాత వచ్చిన హనుమంతుడు తను తెచ్చిన నూటొక్క లింగాలనూ విసిరేశాడని అక్కడి స్థలపురాణం. గుట్ట మీద ఆరుబయట చెల్లాచెదురుగా ఉన్న లింగాలకు శివరాత్రి నాడు భక్తులు ఎవరికి వారే నీళ్లూ పాలూ పోస్తారు. ఆ ఒక్కొక్క లింగం శివుడిలో నూటొకటో వంతు అని అక్కడ ఎవరూ అనుకోరు. ప్రతి లింగమూ పూర్తి శివుడే. దాని అభిషేకం దానిదే, దాని మీది విభూతి దానిదే. అవయవ అవయవి సంబంధానికి ఇది అందదు. దీనికి న్యాయంలో ఉన్న మాట జాతి, వ్యక్తి. గోత్వం ఒక్కటే, అది ప్రతి ఆవులోనూ పూర్తిగా ఉంటుంది. కాంపొనెంట్లను విడగొట్టేవారు ఈ రెండు సంబంధాలను కలగలపడం చాలా చోట్ల కనిపిస్తుంది. పట్టిక నుంచి ‘వరుస’ను విడదీసినప్పుడు పుట్టింది ఒక జాతి. తెర మీద కనిపించే వందల వరుసలు దాని వ్యక్తులు, ఎవరి స్టేట్ వారిది. పైభాగం, పట్టిక, అడుగుభాగం అని కోసినప్పుడు పుట్టినవి అవయవాలు. వాటిని ఒక్క తెరగా పట్టి ఉంచే నిజం వాటికి పైనే ఉండాలి. మొదటి రకం కోతకు భయపడనక్కర్లేదు. రెండో రకం కోతకు ముందు మాత్రం లాగి చూడాలి, వెంట వచ్చినదాన్ని లక్క లాగుతోందా కాదా అని చూడాలి.

లైన్ల లెక్క చూసి కాంపొనెంట్‌ను కోయమనడం ఈ రెండు పరీక్షల్లో దేనికీ నిలబడదు. ఏడు వందల లైన్లు ఒకే నిజాన్ని చెబుతుంటే ఆ ఫైలు కొన్నాళ్లు అలాగే ఉండనివ్వడం మేలు. డెబ్బై లైన్లలోనే సంబంధం లేని రెండు నిజాలు లక్కతో అతుక్కుని ఉంటే ఈరోజే కోయాలి.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో పార్నస్ పాఠం సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పేపర్లో ఎంతోకొంత వినిపిస్తుంది. అన్నంభట్టు మాత్రం సంస్కృత శాఖల గడప దాటి రాలేదు. తర్కసంగ్రహం చాలా చిన్న పుస్తకం, మొదటిసారి తర్కం చదివే పిల్లల కోసమే రాసినది. జవహర్‌నగర్ క్యాంపస్ లాంటి చోట్ల పనిచేసే అధ్యాపకులు ఎవరైనా సంస్కృత పండితులతో కలిసి కూర్చుని, కారణాలు, సమవాయం, జాతి, వ్యక్తి అనే నాలుగు అంశాలనైనా కోడ్ ఉదాహరణలతో తేట తెలుగులో రాస్తే బాగుంటుంది. రాయగలిగినవారు ఆ పనికి పూనుకోవాలి.